నీళ్లు కాచే సోలార్: ముందు బకెట్ లెక్క

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో జీవనోపాధుల ఉప కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



ఎజెండాలో మాది ఐదో అంశం. భోజనాల వాసన కూడా వస్తోంది, మాకు తెలుసు. అయినా కొంచెం ఓపిక పట్టి వినాలి. ఎందుకంటే ఇది మీ అప్పు గురించి.

ఈ ఏడాది గ్రామ సంఘాల నుంచి వచ్చిన సూక్ష్మ ప్రణాళికల్లో ఇదివరకు లేని మాట ఒకటి కనబడింది. మేకలు, కుట్టుమిషను, పసుపు, కిరాణా కొట్టు, వీటి పక్కన "సోలార్ వేడినీళ్లు" అని రాశారు. దానికి ఒక్కో ఇంటికి 45 వేల దాకా అడిగారు. ఎక్కడిదమ్మా ఈ లెక్క అని అడిగితే, ఒక వ్యాపారి ఊళ్లు తిరిగి కాగితాలు పంచాడని చెప్పారు. రెండు ప్యానెళ్లు, ఒక బ్యాటరీ, ఒక ఇన్వర్టరు, ఒక హీటరు రాడ్డు, అన్నీ కలిపి ఒక సెట్టు. "కట్టె అక్కర్లేదు, కరెంటు బిల్లు లేదు, ఇంటిల్లిపాదికీ వేడినీళ్లు" అని దాని మీద ఉంది. కార్యవర్గం మమ్మల్ని పిలిచి, ఈ అప్పులు ఇవ్వొచ్చా కూడదా చూసి చెప్పమంది. మేం చూశాం. తెలిసిందంతా మీ ముందు పెడుతున్నాం. తీర్మానం మాత్రం మీరే చేయాలి.

ముందు ఒక మాట. కమిటీలోనే కొందరు "స్నానం నీళ్లకు కూడా అప్పా? ఆదాయం వచ్చేదానికే అప్పు ఇవ్వాలి కదా" అన్నారు. ఆ మాట మేం ఒప్పుకోలేదు. ఇంట్లో మగవాళ్లకు బండి కొనడానికి ఇచ్చినప్పుడు ఎవరూ అంత గట్టిగా అడగలేదు. మన చింతపల్లి, లంబసింగి వైపు డిసెంబరు, జనవరి వచ్చిందంటే చలి ఒక్క అంకెలోకి దిగుతుంది. సంక్రాంతి సెలవులకు వచ్చే టూరిస్టులకు ఆ మంచు ముచ్చట. మనకు ఆ మంచులోనే కాఫీ పండ్లు కోయాలి, గెడ్డ దగ్గర గిన్నెలు తోమాలి, పిల్లలకు నీళ్లు పోసి బడికి పంపాలి. బాలింత ఉన్న ఇల్లయితే రోజుకు ఎన్ని కాగుల నీళ్లు కాచాలో ఇక్కడున్న ప్రతి అత్తకూ, ప్రతి అమ్మకూ తెలుసు. ఆ కట్టె ఎవరు మోస్తున్నారు? మనమే. పొగ ఎవరి కళ్లలోకి పోతోంది? మన కళ్లలోకే. కాబట్టి వేడినీళ్లు అడగడం తప్పు కాదు. ఏ సామాను కొంటే నిజంగా నీళ్లు కాగుతాయి, అప్పు వాయిదా ఎక్కడినుంచి కడతాం, ఈ రెండూ తేలాలి.

ఇక బకెట్ లెక్క. కరెంటు గురించి మాట్లాడేవాళ్లు వాట్లు, వోల్టులు అని మనల్ని కంగారు పెడతారు. మనం బకెట్లలో మాట్లాడుకుందాం. ఒక లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత శక్తి కావాలన్నది ఎక్కడైనా ఒకటే. ఢిల్లీలో అయినా, మన పెరట్లో అయినా, కట్టెతో అయినా, సూర్యుడితో అయినా అది మారదు. ఏ కంపెనీ దాన్ని తగ్గించలేదు. చలికాలం పొద్దున మన నీళ్లు 15 డిగ్రీలు ఉంటాయనుకోండి. ఒంటికి హాయిగా ఉండాలంటే 40 డిగ్రీలు కావాలి. అంటే 25 డిగ్రీలు పెంచాలి. 20 లీటర్ల బకెట్‌కు ఈ పని చేయడానికి 0.58 యూనిట్ కరెంటు పడుతుంది. అర యూనిట్‌కు కాస్త పైన. సగం బకెట్ బాగా మరిగించి చన్నీళ్లు కలుపుకున్నా లెక్క మారదు. ఐదుగురున్న ఇంట్లో తలో బకెట్ అంటే రోజుకు దాదాపు 3 యూనిట్లు.

ఇదే లెక్క కట్టెలో చూస్తే, మూడు రాళ్ల పొయ్యి మీద మంటలో ఎక్కువ భాగం గాలికే పోతుంది. నీళ్లకు చేరేది పదో వంతో, మహా అయితే ఏడో వంతో. అందుకని ఒక్క బకెట్‌కు కిలో పైన ఎండు కట్టె కాలుతుంది. ఐదు బకెట్లకు ఐదారు కిలోలు. పచ్చి కట్టె అయితే చెప్పక్కర్లేదు. మధ్యలో గొట్టం ఉన్న పాతకాలపు రాగి బాయిలర్ ఎవరింట్లో అయినా ఉంటే అమ్మేయకండి. మంట నీళ్ల మధ్యలోంచి పైకి పోతుంది కాబట్టి మూడు రాళ్ల పొయ్యి కంటే చాలా తక్కువ కట్టెతో పని అవుతుంది. గ్యాస్ మీద స్నానాల నీళ్లన్నీ కాచుకుంటే ఆ ఐదు బకెట్లకే నెలకు ఒక సిలిండరు అయిపోతుంది. అందుకే ఉజ్వల సిలిండర్ ఉన్నా మనం నీళ్లు మాత్రం బయట పొయ్యి మీదే పెడతాం.

ఇప్పుడు ప్యానెల్‌కు వద్దాం. కరెంటు లైను రాని కొన్ని కొండ ఊళ్లలో పీఎం జన్‌మన్ కింద పీవీటీజీ ఇళ్లకు సోలార్ ఇస్తున్నారు. ఆ పథకం 2023 నవంబరులో మొదలైంది. దాని కింద ఒక్కో ఇంటికి ఇచ్చేది 300 వాట్ల వరకు. దాంతో బల్బులు వెలుగుతాయి, ఫ్యాన్ తిరుగుతుంది, ఫోన్ చార్జ్ అవుతుంది. అది వచ్చాక అందరూ అడిగే మొదటి ప్రశ్న "రాడ్డు పెట్టుకోవచ్చా?" అనే. అందులో తప్పేం లేదు, మేం కూడా అదే అడుగుతాం.

300 వాట్ల ప్యానెల్ అంటే రోజంతా 300 వాట్లు ఇస్తుందని కాదు. నిండు ఎండ నేరుగా పడినప్పుడు మాత్రమే అంత. ఆకాశం తేటగా ఉన్న చలికాలపు రోజున పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కలిపితే నాలుగున్నర గంటల నిండు ఎండతో సమానం అనుకోవచ్చు. దుమ్ము, వైరు, వేడి, వీటిలో పోయేది పోగా మనకు మిగిలేది ఒక యూనిట్, లేదా దానికి కొంచెం పైన. బకెట్ లెక్కలో అది రెండు బకెట్లకు కూడా అంతంత మాత్రమే. అదీ ఇంట్లో ఒక్క లైటు కూడా వేయకుండా.

లైట్ల సంగతి చూడండి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, రాత్రి ఐదు గంటలు వెలిగితే 0.18 యూనిట్. అంటే ఒక బకెట్ వేడినీళ్లకు పట్టే కరెంటుతో ఆ ఇంట్లో మూడు రాత్రులు దీపాలు వెలుగుతాయి. ఇది ఇంటికి వెళ్లి మీ సంఘంలో చెప్పండి. లైటు చాలా తక్కువ తింటుంది, నీళ్లు చాలా ఎక్కువ తింటాయి. రెంటినీ ఒకే బ్యాటరీ మీద కూర్చోబెడితే ముందు చీకటి పడేది పిల్లల పుస్తకం మీదే.

ఇది ఊరికే చెప్పడం లేదు. మన సభ్యురాలి ఇంట్లోనే జరిగింది. పేరు చెప్పం. ఇంట్లోని కుర్రాడు మంచి ఉద్దేశంతోనే, నానమ్మకు మోకాళ్ల నొప్పులని, సంతలో వెయ్యి వాట్ల రాడ్డు కొని ఇన్వర్టర్‌కు పెట్టాడు. మొదట ఇన్వర్టర్ కూతపెట్టి ఆగిపోయింది. ఎవరో చెబితే పెద్ద ఇన్వర్టర్ అరువు తెచ్చి మళ్లీ పెట్టాడు. ఈసారి నీళ్లు కాగాయి, సంతోషించారు. ఆ చలికాలం గడిచేసరికి బ్యాటరీ రాత్రి ఎనిమిదింటి దాకా కూడా లైటు మోయడం లేదు. చెల్లెలు పదో తరగతి. పరీక్షల ముందు మళ్లీ కిరోసిన్ దీపం వెతుక్కున్నారు.

ఎందుకలా అయిందో చెప్పాలి. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో నిండుగా ఉన్నప్పుడు 1.2 యూనిట్లు ఉంటాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి ఖాళీ చేయకూడదు. అంటే వాడుకోదగింది 0.6. ఒక్క బకెట్ కాచడానికి, ఇన్వర్టర్‌లో పోయేది కూడా కలుపుకుంటే, అంతకంటే ఎక్కువే లాగుతుంది. పైగా వెయ్యి వాట్ల రాడ్డు ఆ బ్యాటరీ నుంచి ఒకేసారి 90, 100 ఆంపియర్లు గుంజుతుంది. నలుగురు మోసే బరువును ఒక్క పిల్ల నెత్తిన పెట్టినట్టు. కొన్నాళ్లు మోస్తుంది, తర్వాత నడుం పడిపోతుంది. కొత్త బ్యాటరీ పదివేలకు అటూ ఇటూ. అందుకే వ్యాపారి సెట్టులో మాకు మొదట అనుమానం వచ్చింది బ్యాటరీ దగ్గరే. నీళ్లు కాచడానికి బ్యాటరీ పెట్టడమే దండగ. కాగిన నీళ్లే బ్యాటరీ. చుట్టూ చలి తగలకుండా కప్పితే పగటి ఎండను తెల్లారేదాకా దాచుకునేది ఆ నీళ్ల పీపానే. దానికి చార్జింగ్ లేదు, యాసిడ్ లేదు, మూడు నాలుగేళ్లకు మార్చే పని లేదు.

ఆ వ్యాపారి మా కమిటీ ముందు కూడా చేసి చూపించాడు. మధ్యాహ్నం పన్నెండింటికి, మంచి ఎండలో, ఐదు లీటర్ల స్టీలు గిన్నెలో. అరగంటలో చెయ్యి పెట్టలేనంత వేడెక్కాయి. చప్పట్లు కొట్టారు. అతను చూపింది అబద్ధం కాదు. కానీ ఐదు లీటర్లు పావు బకెట్. పన్నెండింటికి మనలో ఎవరు స్నానం చేస్తారు? పొద్దున ఆరింటికి, మంచు కమ్మి ఉండగా చేసి చూపించమన్నాం. ఇంకో రోజు వస్తానని వెళ్లాడు. ఈ రోజు వరకు రాలేదు.

అయితే ప్యానెల్‌తో నీళ్లు కాగవా? కాగుతాయి. బ్యాటరీ లేకుండా నేరుగా కలిపే పద్ధతి ఉంది. 330 వాట్ల ప్యానెళ్లు రెండు, యాభై లీటర్ల పీపా, దానికి చుట్టూ మందపాటి కప్పు. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ నుంచి కరెంటు నేరుగా నీళ్లలోని హీటర్‌కు పోతుంది. తేట రోజున రెండు ప్యానెళ్ల నుంచి రెండున్నర యూనిట్ల దాకా నీళ్లకు చేరితే ఆ యాభై లీటర్లు సాయంత్రానికి 55 డిగ్రీలకు వస్తాయి. చన్నీళ్లు కలుపుకుంటే నాలుగు బకెట్లు. ఇది మంచి లెక్కే.

కానీ ఇందులో మూడు చిక్కులున్నాయి, అవి తెలియకుండా ఎవరూ చేయి పెట్టకూడదు. సంతలో దొరికే మామూలు రాడ్డు 230 వోల్టుల కరెంటు కోసం చేసింది. ఒక ప్యానెల్ ఇచ్చేది నలభై వోల్టులకు అటూ ఇటూ. ఆ రాడ్డుకు ప్యానెల్ నేరుగా కలిపితే 1500 వాట్లు అని రాసి ఉన్నా అది యాభై అరవై వాట్లకు మించి పని చేయదు. సాయంత్రానికి నీళ్లు గోరువెచ్చన కూడా కావు, ప్యానెల్ మంచిది కాదని తిట్టుకుంటారు. ప్యానెల్ వోల్టేజీకి సరిపోయే డీసీ హీటరు వేరే ఉంటుంది, అదే అడగాలి. రెండోది ఇంకా ముఖ్యం. ఇళ్లలో వాడే గీజరు థర్మోస్టాట్, స్విచ్ ఏసీ కరెంటుకు పనికొచ్చేవి. డీసీ కరెంటును ఆపితే తొందరగా ఆగదు, రెండు రేకుల మధ్య నిప్పు లాగుతుంది, స్విచ్ అతుక్కుపోతుంది. అప్పుడు నీళ్లు మరిగి ఆవిరై, ఖాళీ పీపాలో హీటరు ఎర్రగా కాలుతుంది. ప్లాస్టిక్ పీపా అయితే ఇల్లే అంటుకోవచ్చు. కాబట్టి డీసీకి అని రాసి ఉన్న బ్రేకర్, డీసీకి పనికొచ్చే థర్మోస్టాట్ లేని సెట్టు ఎంత చౌకైనా వద్దు. పీపా స్టీలుదే కావాలి. మూడోది నీడ. ప్యానెల్‌లోని గడులన్నీ దండలో పూలలాగా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. పనసకొమ్మ నీడ ఒక మూల పడినా మొత్తం ప్యానెల్ ఇచ్చేది బాగా పడిపోతుంది. మన ఇళ్ల చుట్టూ కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఆ చెట్ల నీడ ఇంకా పొడవు. కొనేముందు ఒక రోజంతా ఆ చోట గంట గంటకూ నీడ ఎక్కడుందో చూసుకోవాలి. దీనికి ఇంజినీరు అక్కర్లేదు, మంచం వేసుకు కూర్చున్న ముసలమ్మ చాలు.

ఇప్పుడు అసలు పోలిక. అద్దం ట్యూబుల హీటరు మీరంతా చూసే ఉంటారు. నర్సీపట్నం మేడల మీద, పాడేరు లాడ్జీల మీద నల్లటి గొట్టాలు వరసగా, పైన తెల్లటి గుండ్రటి ట్యాంకు. అది కరెంటు తయారు చేయదు, ఎండ వేడిని నేరుగా నీళ్లకు ఇస్తుంది. ప్యానెల్ మీద పడ్డ ఎండలో ఐదో వంతు మాత్రమే కరెంటు అవుతుంది. ట్యూబుల మీద పడ్డదాంట్లో సగం, అంతకంటే ఎక్కువే నీళ్లకు చేరుతుంది. అందుకే అంతే జాగాలో ట్యూబులు రెండింతలకు పైగా నీళ్లు కాస్తాయి. వంద లీటర్ల ట్యూబుల హీటర్‌కు మాకు చెప్పిన ధర 18 నుంచి 20 వేలు, స్టాండుకు ఇంకో మూడు వేలు. అదే వంద లీటర్లు అంత వేడిగా ప్యానెళ్లతో కాచాలంటే మూడు నాలుగు ప్యానెళ్లు కావాలి, దానికి రెట్టింపు ఖర్చు. స్నానాల నీళ్లు మాత్రమే కావాలనుకునే ఇంటికి ట్యూబులే మేలని మా అభిప్రాయం. నీళ్లు కాచడానికని ఎవరైనా ముందు ప్యానెల్ చూపిస్తే, ట్యూబులు ఎందుకు చూపించడం లేదని అడగండి.

కానీ మన ఇళ్లన్నీ మేడలు కావు కదా. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. రేకుల కప్పు, తాటాకు కప్పు మోయలేవు. పెరట్లో నేల మీద గట్టి ఇనుప స్టాండు వేసి పెట్టుకోవాలి. చన్నీళ్లు ట్యాంకు కంటే ఎత్తు నుంచి రావాలి. ఊటనీళ్లు గ్రావిటీ పైపుతో కొండ మీదినుంచి వచ్చే ఊళ్లకు ఇది అదృష్టం, మోటారు అక్కర్లేదు. అయితే పైపును నేరుగా ట్యాంకుకు బిగించకూడదు, ఆ ఒత్తిడికి ట్యాంకు పగులుతుంది. మధ్యలో బంతి వాల్వ్ ఉన్న చిన్న తొట్టి పెట్టాలి. చేత్తో పోసుకునేవాళ్లు సూర్యుడు రాకముందో, చీకటి పడ్డాకో పోయాలి. మిట్టమధ్యాహ్నం ఖాళీ ట్యూబుల్లో చన్నీళ్లు పోస్తే అద్దం చిట్లిపోతుంది. ఇక కోతులు. కోతులు లేని ఊరు మన మండలంలో ఏదైనా ఉంటే చెప్పండి, మేం అక్కడికే వచ్చి ఉంటాం. ట్యూబుల మీద వెడల్పు కళ్ల వల వేయక తప్పదు. ఇవేవీ కుదరని ఇళ్లకు, ఎండ పడే చోటు స్నానాల గదికి దూరంగా ఉన్న ఇళ్లకు ప్యానెల్, డీసీ హీటరు నయం. వేడినీళ్ల పైపు యాభై అడుగులు లాగితే దారిలోనే చల్లారిపోతుంది, వైరుకు ఆ బాధ లేదు. నీళ్లు కాగాక మిగిలిన ఎండతో ఇంకో పని చేయించుకోవాలనే ఇంటికి కూడా ప్యానెల్ మంచిది.

మన కొండల్లో ఇంకో సంగతి ఉంది, మైదానంలో వాళ్లకు తెలియదు. మంచు విడేసరికి తొమ్మిదో, పదో అవుతుంది. ప్యానెల్ అయినా ట్యూబులైనా పొద్దున స్నానానికి కావలసిన నీళ్లు నిన్నటి ఎండలో కాగినవే. సాయంత్రం 55 డిగ్రీలున్న నీళ్లు పొద్దుటికి ఎంత ఉంటాయన్నదే అసలు ప్రశ్న, అది కప్పు మీద ఆధారపడుతుంది. కొన్న ట్యాంకుకు లోపల నురుగు కప్పు ఉంటుంది, రాత్రికి కొన్ని డిగ్రీలే తగ్గుతుంది. సొంతంగా పెట్టుకునే పీపాకు ఏం లేకపోతే తెల్లారేసరికి మళ్లీ గెడ్డ నీళ్లే. ఈ రాత్రే ఇంట్లో చేసి చూడండి. రెండు బిందెల్లో ఒకే రకం వేడినీళ్లు పోసి మూతలు పెట్టండి. ఒకదాన్ని అలాగే వదిలేయండి. రెండోదాన్ని పెద్ద గంపలో పెట్టి చుట్టూ జానెడు మందాన ఎండు వరిఊక కూరి పైన గోనెసంచులు కప్పండి. పొద్దున వేళ్లు పెట్టి చూసుకోండి. ఇది చూశాక, కట్టె పొయ్యి మీద సాయంత్రం వంటతో పాటే కాచుకున్న నీళ్లు కూడా పొద్దుటికి పనికొస్తాయని తెలుస్తుంది. పైసా అప్పు లేకుండా కొంత కట్టె అక్కడే మిగులుతుంది. హీటరు ఉన్న పీపాకు మాత్రం వైరు బయటికి వచ్చే చోట ఊక, గోనె తగలకుండా చూసుకోవాలి. ఇంకోటి, ఏ హీటరు నీళ్లయినా పసిపిల్లకు పోసేటప్పుడు ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు. 60 డిగ్రీల నీళ్లు లేత చర్మాన్ని కొన్ని క్షణాల్లోనే కాల్చేస్తాయి.

జన్‌మన్ యూనిట్ ఉన్న ఇళ్ల వాళ్లు "మాకేం లేదా" అనుకోవద్దు. తేట రోజున ఆ బ్యాటరీ మధ్యాహ్నానికే నిండిపోతుంది. ఆ తర్వాత ప్యానెల్ మీద పడే ఎండ ఊరికే పోతోంది. బ్యాటరీ నిండాక మాత్రమే మిగులు కరెంటును చిన్న డీసీ హీటర్‌కు మళ్లించే పరికరం దొరుకుతుంది. వంద, నూట ఇరవై వాట్లు మూడు గంటలు అందితే పన్నెండు లీటర్ల నీళ్లు ఒంటికి సరిపడా వేడెక్కుతాయి. ఇంటిల్లిపాదికీ కాదు, కానీ పసిబిడ్డకూ, తల్లి ఒళ్లు తుడుచుకోవడానికీ సరిపోతాయి. అయితే ప్రభుత్వం ఇచ్చిన యూనిట్‌కు నిర్వహణ గడువు ఉంటుంది. గడువులో ఉండగా పెట్టినవాళ్లను అడగకుండా ఒక్క వైరు కూడా విప్పకండి. విప్పితే రేపు బల్బు కాలిపోయినా మాది కాదంటారు.

లైను కరెంటు ఉన్న ఊళ్ల అక్కలకు మా మాట సూటిగా చెబుతున్నాం. మీరు బ్యాటరీ సోలార్‌తో నీళ్లు కాచే సెట్టు కొనొద్దు. ఆ 0.58 యూనిట్ లైను నుంచి రెండు మూడు రూపాయల్లో వస్తుంది. పీఎం సూర్యఘర్ సబ్సిడీ కిలోవాట్‌కు 30 వేలు, మూడు కిలోవాట్లకు 78 వేలు అని పేపర్లో చదివి ఉంటారు. అది లైనుకు కలిపిన ప్యానెళ్లకు. విడిగా బ్యాటరీతో నడిచే సెట్టుకు అది వస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. మన దగ్గరికి వచ్చిన కాగితంలో ఆ మాట కూడా ఉంది.

ఇక వాయిదా సంగతి. 45 వేలు 24 నెలలకు అంటే అసలు ఒక్కటే నెలకు 1,875. వడ్డీ దాని మీద. కట్టె కొనుక్కునే ఇంటికి, సిలిండర్ కొనే ఇంటికి ఆ డబ్బులో కొంత మిగులుతుంది. అడవిలో ఏరుకొచ్చే ఇంటికి మిగిలేది డబ్బు కాదు, సమయం. ఆ సమయం విలువైనదే, కాదనం. మన మోకాళ్లకు, నడుముకు అది చాలా పెద్ద లాభం. కానీ స్త్రీ నిధి వాయిదా సమయంతో కట్టించుకోదు. మిగిలిన ఆ గంటలో ఏం చేస్తారు, ఆ పని డబ్బు తెస్తుందా, లేక కాఫీ, మిరియాల డబ్బులోంచి కడతారా అన్నది అప్పు రాసేముందే మాట్లాడుకోవాలి. కాఫీ డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది, వాయిదా ప్రతి నెలా వస్తుంది. ఇది మర్చిపోయి సంతకం పెట్టిన ఇంట్లో ఆ వాయిదా చివరికి మేకనో, చెవికమ్మలనో తీసుకుపోతుంది. అది కట్టలేకపోతే భారం సంఘంలో మిగతా తొమ్మిది మంది మీద పడుతుంది.

వర్షాకాలం కూడా లెక్కలోకి తీసుకోవాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా మబ్బు పట్టిన రోజుల్లో, మళ్లీ తుఫాను పట్టిన మూడు నాలుగు రోజులు, ఏ సోలారూ సరిగా నీళ్లు కాచదు. పొయ్యి ఉండాల్సిందే. అందుకే "కట్టె అక్కర్లేదు" అన్న మాట మాకు నచ్చలేదు. చాలా రోజులు అక్కర్లేదు అంటే ఒప్పుకుంటాం.

మా ఉప కమిటీ సిఫారసు ఇది. బ్యాటరీతో నీళ్లు కాచే సెట్టుకు ఈ ఏడాది సమాఖ్య నుంచి అప్పు రాయొద్దు. ట్యూబుల హీటర్‌కో, నేరుగా కలిపే డీసీ హీటర్‌కో 25 వేల లోపు రాయొచ్చు, కాఫీ అమ్మకాల నెలల్లో ఎక్కువ, మిగతా నెలల్లో తక్కువ కట్టేలా వాయిదా పెట్టి. అడిగే ప్రతి సభ్యురాలూ ముందు బకెట్ కాగితం నింపాలి. ఇంట్లో ఎంతమంది, రోజుకు ఎన్ని బకెట్లు, ఎండ పడే చోటు ఎక్కడ, నీళ్లు ఎలా వస్తాయి, ఇప్పుడు కట్టె కొంటున్నారా ఏరుకుంటున్నారా, వాయిదా ఏ డబ్బుతో. చదవడం రాని అక్కలకు వీఓఏ పక్కన కూర్చుని నింపాలి, కానీ జవాబులు అక్కవే రాయాలి. డబ్బు అమ్మినవాడికి ఒకేసారి ఇవ్వకూడదు. సామాను బిగించి, ఏడు రోజులు నీళ్లు కాగాయని గ్రామ సంఘం నుంచి ఇద్దరు వెళ్లి చూసి సంతకం పెట్టాకే రెండో సగం. ఆ ఇద్దరూ పొద్దున ఆరింటికే వెళ్లాలి.

బాలింతలున్న ఇళ్లకు మొదటి వరస ఇవ్వాలని కూడా రాశాం. దీని మీద కమిటీలో ఒక్కరు కూడా వేరే మాట చెప్పలేదు.

బకెట్ కాగితం ప్రతులు వీఓఏల దగ్గర ఉన్నాయి. వచ్చే నెల గ్రామ సంఘం సమావేశంలో చదివి, మార్పులుంటే రాసి పంపండి. ఆ వ్యాపారికి ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే సిగ్గుపడకుండా రశీదు పట్టుకుని భోజనాలయ్యాక మా దగ్గరికి రండి. సమాఖ్య తరఫున కలిసి వెళ్లి అడుగుదాం.